కొర్రలు తింటారు, మా అమ్మ రొట్టె మాత్రం తినరు

పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరిన ఒక పాఠకురాలు పంపిన ఉత్తరం ఇది. చాలా పొడుగ్గా రాశారు కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆమె పుట్టింది జహీరాబాద్ దగ్గర ఒక పల్లెలో. వయసు ముప్పై ఆరు. భర్తది తణుకు వైపు. ఇద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ మియాపూర్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. అత్తగారు వాళ్లతోనే ఉంటారు. పదకొండేళ్ల కొడుకున్నాడు.

చిన్నప్పుడు ఆమె ఇంట్లో రెండు పూటలా జొన్న రొట్టే. వరన్నం పండగ రోజు మాట. తర్వాత ఊళ్లో అందరితో పాటు వాళ్ల నాన్న కూడా వరి వేద్దామని బోర్లు వేయించారు. రెండూ ఎండిపోయాయి, అప్పు మాత్రం మిగిలింది. అది తీరేసరికి ఈమె ఇంజినీరింగ్ పూర్తయి ఉద్యోగం కూడా వచ్చింది. వాళ్ల అమ్మ ఇప్పటికీ ఇంటి మందం జొన్న వేస్తారు, ఏటా ఒక బస్తా కూతురికి పంపిస్తారు. ఊళ్లో అన్నయ్య మాత్రం రేషన్ బియ్యమే తింటాడు.

రెండేళ్ల కిందట ఈమె ఇంట్లో అన్నం తగ్గించి రాత్రిపూట రొట్టెలు చేయడం మొదలుపెట్టారు. వరికి ఎన్ని నీళ్లు పడతాయో, నిలవ నీళ్ల మళ్లలోంచి మీథేన్ ఎలా వస్తుందో చదివారు, ఇంట్లో చెప్పారు. అత్తగారు ఒకే మాట అన్నారట: "కూలివాళ్ల తిండి తినాల్సిన గతి మా ఇంటికి ఇంకా పట్టలేదు." ఆ అత్తగారే పొద్దున వాకింగ్ బ్యాచ్‌తో కలిసి ఎవరో ఒకరింట్లో కొర్రల ఉప్మా, అరికెల పొంగలి తిని వస్తారు. ప్యాకెట్ ఎంతకు కొన్నదీ గొప్పగా చెప్తారు.

అబ్బాయి డబ్బాలో రొట్టె పెడితే క్లాసులో "మాడిపోయిన చపాతీ" అన్నారట. వాడు అది డస్ట్‌బిన్‌లో పడేసి స్నేహితుడి నూడుల్స్ తింటున్నాడని టీచర్ చెబితే తెలిసింది. ఒక ఆదివారం ఆడపడుచు కుటుంబం భోజనానికి వస్తే, బిర్యానీ వడ్డిస్తూ ఈమె నీళ్ల లెక్కలు ఎత్తారు. "తిననిస్తావా వదినా, నీ లెక్కలు ఆఫీసులో చెప్పుకో" అని ఆవిడ లేచి వెళ్లిపోయింది. అప్పట్నుంచి భోజనానికి రావడం లేదు. భర్తను అడిగితే "ఎందుకొచ్చిన గొడవ" అంటాడు.

వచ్చే నెల అబ్బాయికి పంచెల ఫంక్షన్. రెండు వందల యాభై మంది వస్తారు. క్యాటరర్ నలభై రకాల మెనూ ఇచ్చాడు. ఈమె సగం రకాలు కొట్టేసి, జొన్న, సజ్జ, కొర్ర వంటలు పెట్టిద్దామన్నారు. "నలుగురిలో మమ్మల్ని నవ్వులపాలు చేస్తావా" అని అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. "మావాళ్లు ఎప్పటికీ మారరా? నా మాట నెగ్గించుకోవాలా, వదిలేయాలా? అసలు నాదే చాదస్తమా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరం మొదట్లో అంతా నీళ్లూ, మీథేనూ. సగం దాటేసరికి అవి పోయి మీ అమ్మగారు వచ్చారు. చివరి పేజీలో మీ అబ్బాయి డబ్బా. మీరు వీటన్నిటినీ ఒకే గొడవగా చూస్తున్నారు. నాకు మాత్రం ఇవి మూడు వేర్వేరు సంగతులుగా కనిపిస్తున్నాయి, మూడింటికీ ఒకే మందు పనిచేయదు. నీళ్ల సంగతి రైటే, మీరు చెప్పే విషయం నిజం. మీ అమ్మగారు పంపిన జొన్నలను "కూలివాళ్ల తిండి" అన్నప్పుడు మీకు తగిలింది వేరే దెబ్బ. దానికి నీళ్ల లెక్కలతో జవాబు చెప్పబోయారు. అందుకే ఆ జవాబు ఎవరికీ ఎక్కలేదు.

ముందు మీ అత్తగారి వైపు నుంచి కాస్త చూద్దాం. ఆవిడ పక్షాన మాట్లాడుతున్నానని కోపం తెచ్చుకోకండి.

గోదావరి డెల్టాలో వరి అంటే మీ ఊళ్లో బోరు కింద వరి లాంటిది కాదు. సార్వా కాలంలో అక్కడి చేలల్లో నీళ్లు నిలబడతాయి, అందులో జొన్న వేస్తే కుళ్లిపోతుంది. ఆ నేలకు వరే సరైన పంట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే ఆ ప్రాంతం దశ తిరిగింది. అంతకు ముందు ఇరవై ఏళ్ల కిందటే నందన కరువులో గుంటూరు సీమలో జనం తిండిలేక ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిపోయాయి. అన్నం వండుకు తినగలగడం అంటే కరువు దాటి ఒడ్డున పడ్డామని అర్థం ఆ తరాలకు. మీ అత్తగారు ఇంత ఆలోచించి ఆ మాట అన్నారని నేననను. అన్నం చుట్టూ ఆవిడకున్న పట్టింపు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తే మీ కోపం కొంత దిగుతుందేమోనని చెప్తున్నాను. ఆవిడ ఊళ్లో పండిన బియ్యం తినడం నేరమేమీ కాదు. ఎండిపోయే బోర్ల కింద, మోటార్లు పెట్టి పైకి తోడిన నీళ్లతో జహీరాబాద్ ఎర్రనేలల్లో వరి పండించడం వేరు. మీ వాదనలో ఈ రెండూ కలిసిపోయాయి, ఆవిడ నొచ్చుకోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఇక జొన్నను కిందచూపు చూడటం అత్తగారితోనే మొదలు కాలేదు. మీ అన్నయ్య కూడా రేషన్ బియ్యమే తింటున్నాడని మీరే రాశారు. మెట్ట ఊళ్లలో పెద్ద రైతుల ఇళ్లలో రోజూ అన్నం, మిగతావాళ్లకు పండక్కి మాత్రమే. అలాంటి చోట 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చేసరికి జనం సంబరంగా తీసుకున్నారు. తీసుకోరా మరి? ఆకలి తీరింది, పైగా పెద్దవాళ్ల కంచంలో ఉన్నదే మన కంచంలోకీ వచ్చింది. అక్కణ్నుంచి జొన్న మెల్లగా ముసలివాళ్ల తిండి అయింది. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు. దొడ్డు బియ్యం కంటే సన్నబియ్యం, సన్నబియ్యం కంటే సోనా, దాని మీద బాస్మతి. మెట్టు మీద మెట్టు ఎక్కడమే తప్ప, ఏ మెట్టు దగ్గరా ఎవరూ నీళ్లెన్ని అని అడగలేదు. పైవాళ్లు ఏం తింటున్నారనే చూశారు. చదువుకున్నవాళ్లం మనం మాత్రం ఆలోచించి ఎంచుకుంటున్నామని అనుకుంటాం. ఐటీ ఆఫీసుల క్యాంటీన్లలో క్వినోవా సలాడ్ అలా ఆలోచించే వచ్చిందా?

మీ ప్రాంతంలోనే దీనికి ఎదురు కూడా జరిగింది, మీకు నాకన్నా బాగా తెలిసే ఉంటుంది. అదే 1983లో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మొదలైంది. దాని మహిళా సంఘాల్లోని ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత మహిళలు, పడావు పడ్డ భూములు బాగుచేసి జొన్నలు, కొర్రలు, పప్పుధాన్యాలు కలిపి వేశారు. ఊళ్లోనే ధాన్యం నిధి పెట్టుకుని లేనివాళ్లకు జొన్నలు ఇచ్చుకున్నారు. సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద విత్తనాలు అలంకరించి ఊరూరా తిప్పుతూ పాత పంటల జాతర చేస్తారు. 2019లో ఆ మహిళా సంఘాలకు ఐక్యరాజ్య సమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. వాళ్లు జొన్న గొప్పదని ఉపన్యాసాలు ఇచ్చి ఉంటే ఊళ్లో ఎవరు వినేవారు? గుంపుగా పండించారు, గుంపుగా తిన్నారు, డప్పులతో బండ్లు కట్టి నలుగురికీ చూపించారు. ఆ బండి వెనకాల నడిచే మనిషికి తాను ఒంటరి కాదని తెలుస్తుంది. మీ వంటింట్లో లేనిది అదొక్కటే. మీరు ఒక్కరే తడుతున్నారు, ఒక్కరే వాదిస్తున్నారు.

ఇప్పుడు వాకింగ్ బ్యాచ్. మీ కడుపుమంట ఎక్కువగా ఇక్కడే ఉంది కదా? నాకూ చదువుతుంటే నవ్వొచ్చింది, మీకు నవ్వు రాకపోవడంలో తప్పులేదు. కొర్రలూ, జొన్నలూ ఒకే మెట్ట చేలో పక్కపక్కన పండే పంటలు. అయినా అత్తగారి లెక్కలో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ. ఎందుకంటే కొర్రలు ఆవిడ దగ్గరకు ఊళ్లోంచి రాలేదు. 2018లో కేంద్రం చిరుధాన్యాలను పోషక ధాన్యాలుగా ప్రకటించింది, 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం చేసింది. ఈలోపు యూట్యూబ్‌లో డాక్టర్లు, వాట్సాప్‌లో ఫార్వర్డులు, సూపర్ మార్కెట్‌లో మెరిసే ప్యాకెట్లు. షుగరు భయం ఉన్న తోటివాళ్లు నలుగురు తింటుంటే ఆవిడా తిన్నారు. రొట్టె మాత్రం కోడలి పుట్టింటి నుంచి బస్తాలో వచ్చింది. ధాన్యంతో ఆవిడకు పేచీ లేదు, అది ఎవరి చేతి మీదుగా వచ్చిందన్నదే పేచీ. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది. కానీ ఇందులోనే మీకు పనికొచ్చే సంగతి కూడా ఉంది. మీరు అనుకున్నట్టు ఆవిడ మారని మనిషి కాదు. డెబ్బై ఏళ్ల వయసులో పొద్దున్నే ఇడ్లీ మాని కొర్రల ఉప్మా తింటున్నారంటే అది చిన్న మార్పా? మీ మాట మీద మాత్రం మారరు. అత్తాకోడళ్ల మధ్య అది ఇద్దరిలో ఎవరో ఒకరు ఓడిపోవడం అవుతుంది.

ఆదివారం బిర్యానీ సంగతికి వద్దాం. మీ ఆడపడుచు అతిగా చేసిందని మీరు అనుకుంటున్నారు. జూలియా మిన్సన్, బెన్వా మోనిన్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. మాంసం తినేవాళ్లను శాకాహారుల గురించి ఏమనుకుంటారని అడిగారు. "వాళ్లు మమ్మల్ని తక్కువగా చూస్తారు" అని ఎవరైతే ముందే అనుకున్నారో, వాళ్లే శాకాహారులను ఎక్కువగా తిట్టిపోశారట. అంటే అవతలి మనిషి నోరు తెరవక ముందే మనల్ని జడ్జి చేస్తున్నారనే అనుమానం కంచం దగ్గర ఉంటుంది. మీరు నోరు తెరిచి మరీ ఆ అనుమానం నిజం చేశారు, అదీ చేతిలో గరిటె పట్టుకుని. మనవాళ్లలో వడ్డించే చేత్తో లెక్క చెప్పడం కన్నా అవమానం ఇంకోటి లేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. లీటర్ల లెక్కలన్నీ వాళ్లకు చెప్పారు గానీ, మీ నాన్నగారి బోర్ల సంగతి చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. రెండు బోర్లు ఎండిపోయి, అప్పు తీరడానికి మీ చదువంతా పట్టిందన్నది మీ ఆడపడుచుకు తెలుసా? మీ ఆయనకైనా పూర్తిగా తెలుసా? పుట్టింటి అప్పుల కథ అత్తింట్లో చెప్పుకోవడం చిన్నతనంగా అనిపించి దాచి ఉంటారు, అది అర్థం చేసుకోగలను. చెబితే రెండు రకాలుగా జరగొచ్చు. "అందుకా ఈ పట్టుదల" అని మెత్తబడొచ్చు. లేదా ఎప్పుడైనా మాటామాటా వచ్చినప్పుడు అదే తీసి మీ మీద విసరొచ్చు. ఆ ఇంట్లో మనుషులు ఎలాంటివాళ్లో మీకే తెలుసు. అందరికీ చెప్పక్కర్లేదు, ఆడపడుచు ఒక్కరికి చెప్పి చూడొచ్చు. ఆవిడ లేచి వెళ్లిపోయింది గానీ "వదినా" అనే పిలిచి వెళ్లింది. ఈ వారమే ఫోన్ చేయండి, ఫంక్షన్ సంగతి ఎత్తకుండా, ఊరికే ఆదివారం రమ్మనండి. మీ వైపు జొన్న రొట్టెకు నాటుకోడి కూరకు మించిన జోడీ లేదు కదా. బిర్యానీ కూడా పెట్టి, పక్కన అదీ పెట్టండి. ఎవరికి ఏది కావాలో వాళ్లు వేసుకుంటారు.

మీ ఆయన దగ్గర మాత్రం నేను ఇంత మెత్తగా ఉండను. ఏం వండాలన్న విషయంలో ఆయన తటస్థంగా ఉంటే ఉండనివ్వండి, అది ఆయన ఇష్టం. మీ అమ్మగారు పంపిన ధాన్యాన్ని "కూలివాళ్ల తిండి" అన్నప్పుడు ఊరుకోవడం వేరే. అక్కడ ఆయన మాట్లాడి తీరాలి. మీరిద్దరే ఉన్నప్పుడు ఈ రెండింటినీ విడదీసి అడగండి: "జొన్నలు తినమని నేను ఎవరినీ అడగను. ఆ మాట మాత్రం ఇంకోసారి అనొద్దని మీ అమ్మకు నువ్వు చెప్పాలి." గొడవ మెనూ గురించి అయినంత కాలం "ఎందుకొచ్చిన గొడవ" అని ఆయన తప్పించుకుంటాడు. మర్యాద గురించి అయితే అంత తేలిగ్గా తప్పించుకోలేడు. చెబితే కొన్నాళ్లు అత్తగారు ముభావంగా ఉంటారు, "కొడుకును నా మీదికి ఎగదోసింది" అని ఆవిడ అక్కచెల్లెళ్లకు ఫోన్లు కూడా వెళ్తాయి. అంతవరకూ సిద్ధపడే అడగండి. ఆయన చెప్పకపోతే? అప్పుడు మీరే, అందరి ముందూ కాకుండా, అత్తగారి దగ్గర కూర్చుని "ఆ మాటకు నాకు బాధేసిందత్తయ్యా" అని చెప్పొచ్చు. నీళ్ల ఊసు లేకుండా, అంతవరకే.

అబ్బాయి డబ్బాను మీ పోరాటంలోంచి వెంటనే తప్పించండి. ఈ ఒక్క విషయంలో మీకు రెండు దారులు చూపించను. పదకొండేళ్ల పిల్లవాడికి క్లాసులో తన డబ్బా మూత తీయడం పరీక్షతో సమానం. మీరు జొన్న రొట్టె పొద్దున ఆరింటికి చేసి పెడితే పన్నెండున్నరకు అది అట్టముక్క. పెనం మీంచి దించి, పొంగి ఆవిరి వస్తుండగా తుంచుకుని తినే రొట్టె వాడికి తెలుసు. డబ్బాలోకి వెళ్లేది ఆ రొట్టె కాదు. గోధుమపిండి చపాతీలా మడతపెడితే మడత దగ్గరే విరుగుతుంది. పిల్లలు "మాడిపోయింది" అన్నారంటే చూడటానికి అలా ఉండే ఉంటుంది, పాపం.

లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలు 1980లో చేసిన ఒక ప్రయోగం పిల్లల తిండి గురించి మాట్లాడేవాళ్లు తరచూ చెప్తారు. బళ్లో ఒక కూరగాయ ఇష్టపడే పిల్లవాణ్ని, ఇంకో కూరగాయ ఇష్టపడే పిల్లల మధ్య కూర్చోబెట్టి వరసగా నాలుగు రోజులు భోజనం పెట్టారు. ఎవరూ ఏమీ చెప్పకుండానే చాలామంది పిల్లలు పక్కవాళ్లు తీసుకునేదే తీసుకోవడం మొదలుపెట్టారు. వాళ్లు మీ అబ్బాయి కంటే చాలా చిన్న పిల్లలు, అయినా సంగతి అదే. ఇప్పుడు క్లాసులో ఆ ప్రయోగం మీకు ఎదురుగా నడుస్తోంది. దాన్ని మీ వైపు తిప్పుకోవాలంటే వేదిక మార్చాలి. వాడి స్నేహితులను నలుగురిని శనివారం సాయంత్రం ఇంటికి పిలవండి. వేడి వేడి రొట్టె మీద నెయ్యి, బెల్లం వేసి చుట్టి ఇవ్వండి. లేదా సజ్జ పిండితో బూరెలు చేయండి. తింటే తింటారు, లేకపోతే ఆడుకుని వెళ్లిపోతారు. బడికి మాత్రం వాడు అడిగిందే పెట్టండి, పులిహోరో, చపాతీయో. వాడు రొట్టె డస్ట్‌బిన్‌లో వేసినందుకు తిట్టి ఉంటే ఆ ఊసు ఇక ఎత్తకండి. వాడికి రొట్టె మీద ద్వేషం లేదు, నవ్వితే భయం. నలుగురు నవ్వుతారని భయం మీ అత్తగారికీ ఉంది, ఫంక్షన్ గురించి ఆవిడ అన్నది అదే కదా.

ఇక ఫంక్షన్. మీ ముందు మూడు దారులు ఉన్నాయి.

ఒకటి, మీరు అనుకున్నట్టే సగం మెనూ మార్చేయడం. క్యాటరర్ చేస్తాడు, డబ్బులిస్తే ఏదైనా చేస్తాడు. కానీ తణుకు నుంచి కారేసుకుని వచ్చిన బంధువులు, పంచెల ఫంక్షన్‌లో కొర్రల పాయసం చూసి మీ అత్తగారిని పక్కకు పిలిచి "ఏంటి వదినా, డబ్బులకు ఇబ్బందా?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నను ఆవిడ పదేళ్లు మరిచిపోరు. పైగా మొహమాటానికి వేసుకున్నవాళ్లు సగం వదిలేస్తే, మీరు ఆదా చేద్దామనుకున్నది కూడా డ్రమ్ముల పాలే. గెలిచినా మీ వాళ్లలో జొన్న పేరు ఇంకాస్త చెడుతుంది. ఈ దారి నేను వద్దంటాను, కానీ ఎంచుకోవాల్సింది మీరు.

రెండోది, ఫంక్షన్ పూర్తిగా అత్తగారికే వదిలేయడం. ఇది ఓటమి అనుకోకండి. వదిలేస్తూ బదులుగా ఒకటి అడగండి: జొన్నలు పెట్టమని కాదు, రకాలు తగ్గించమని. వృథా విషయంలో మీకూ ఆవిడకూ పేచీ ఉండదు, అన్నం పారేస్తే పాపం అని నమ్మే తరం ఆవిడది. నలభై రకాల బఫేలో మూడు రకాల అన్నం, రెండు బిర్యానీలు, పులిహోర, పెరుగన్నం ఉంటాయి. ఫంక్షన్ హాల్ వెనక్కి వెళ్లి ఒకసారి చూస్తే తెలుస్తుంది, ఆ మధ్యాహ్నం అక్కడ డ్రమ్ముల్లో పడేది మీ ఇంట్లో మీరు వారాల తరబడి తగ్గించిన బియ్యం కన్నా ఎక్కువే ఉండొచ్చు. నిజంగా నీళ్ల గురించే మీ దిగులైతే, ఆ పూట అన్నిటికన్నా పెద్ద ఆదా ఇక్కడే దొరుకుతుంది. పెద్దవాళ్లకైనా బఫే కాకుండా బంతి వేసి, కొసరి కొసరి వడ్డిద్దామంటే అత్తగారు బహుశా మీకన్నా ముందే ఒప్పుకుంటారు, విస్తరాకు భోజనం అంటే తణుకువాళ్లకు ఎంత ఇష్టమో మీకు తెలియదా. జొన్న ప్రస్తావనే ఉండదు, నీళ్లు మాత్రం మిగులుతాయి. ఇంట్లో శాంతి కూడా.

మూడోది, మెనూ అంతా అలాగే ఉంచి ఒక్క రొట్టెల కౌంటర్ పెట్టడం. నాకు దీని మీదే మొగ్గు, కానీ పద్ధతి తప్పితే ఇదీ మొదటిదానిలాగే బెడిసికొడుతుంది. హైదరాబాద్‌లో సాయంత్రం ఏ కాలనీ రోడ్డు మీదికి వెళ్లినా పొయ్యి పెట్టుకుని రొట్టెలు తట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. ఆ బండి ముందు ఆటో డ్రైవరూ నిలబడతాడు, కారు పక్కకు ఆపిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగీ నిలబడతాడు. తట్టే చప్పుడు వినబడుతుంటే, పెనం మీద పొంగుతుంటే జనం వాళ్లంతట వాళ్లే మూగుతారు. క్యాటరర్ వండి మూతపెట్టి ఉంచే రొట్టె ఆ పని చేయదు. కాబట్టి అప్పటికప్పుడు చేసి ఇచ్చేదైతేనే పెట్టండి.

అక్కడ బోర్డు పెట్టొద్దు. ముఖ్యంగా "ఆరోగ్యానికి మంచిది", "షుగర్ పేషెంట్లకు" లాంటివి అసలే వద్దు. పండగపూట మందు ఎవరు తింటారు? నీళ్ల గురించి కూడా ఒక్క ముక్క రాయించకండి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో గ్రెగ్ స్పార్క్‌మన్, గ్రెగరీ వాల్టన్ 2017లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. కెఫేలో క్యూలో ఉన్న కొందరికి "దేశంలో 30 శాతం మంది మాంసం తక్కువ తినే ప్రయత్నంలో ఉన్నారు" అని చెప్పారు. ఇంకొందరికి "ఈ మధ్య 30 శాతం మంది అలా తగ్గించుకోవడం మొదలుపెట్టారు" అని చెప్పారు. మొదటివాళ్లలో మాంసం లేని భోజనం తీసుకున్నది 17 శాతం, రెండోవాళ్లలో 34 శాతం. అంకె అదే, తేడా అంతా జనం అటు కదులుతున్నారన్న కబురులోనే ఉంది. మీ ఫంక్షన్‌లో ఆ కబురు కాగితం మీద రాయక్కర్లేదు. అత్తగారి వాకింగ్ బ్యాచ్‌ను పేరుపేరునా పిలవండి, అదీ అత్తగారి చేతే పిలిపించండి. వాళ్లు ఎలాగూ అన్నం తక్కువ తినేవాళ్లే, నేరుగా ఆ కౌంటర్ దగ్గరికే వెళ్తారు. తణుకు బంధువులు వాళ్లను చూస్తారు, అత్తగారు బంధువులను చూస్తారు. మీరు ఆ చుట్టుపక్కల కనిపించకండి.

ఒప్పించడం ఎలా అంటారా? మీరు అడగకపోవడమే మేలు. ఆడపడుచుతో పొత్తు కుదిరితే ఆవిడ నోట "అమ్మా, ఈ మధ్య అన్ని ఫంక్షన్లలో రొట్టెల కౌంటర్ పెడుతున్నారు కదా" అనిపించండి. అబద్ధం కూడా కాదు. ఇందులో కొంత రాజకీయం ఉంది, మీకు అది నచ్చకపోవచ్చు. "నిజం నా పక్షాన ఉన్నప్పుడు ఈ నాటకాలెందుకు" అనిపిస్తే రెండో దారి పట్టండి, అది సూటిగా ఉంటుంది.

ఒకవేళ కౌంటర్ బాగా నడిస్తే అత్తగారు ఆ గొప్ప తన ఖాతాలో వేసుకుంటారని ముందే చెప్పేస్తున్నాను. "మేమే పెట్టించాం" అని ఫోన్‌లో తణుకుకు చెప్తారు. మీ పేరు రాదు, మీ అమ్మగారి పేరు అసలే రాదు. అది మింగగలిగితేనే ఈ దారి పట్టండి. మింగలేననిపిస్తే అందులో తప్పేం లేదు. ఎందుకంటే మీకు కావాల్సింది అప్పుడు జొన్న గెలవడం కాదు, మీ పుట్టింటికి దక్కాల్సిన మర్యాద. అది ఏ కౌంటర్‌తోనూ రాదు. మీ ఆయనతో చేయాల్సిన ఆ సంభాషణతోనే వస్తుంది, రావాల్సి ఉంది. మీ అమ్మగారిని ఫంక్షన్‌కు రెండు రోజుల ముందే పిలిపించుకోండి. రొట్టెలు చేయించడానికి కాదు సుమా. పీట మీద కూర్చుని మనవడికి పంచె కట్టించేటప్పుడు పక్కన ఉండటానికి.

కౌంటర్ పెట్టేట్టయితే కొన్ని పని విషయాలు. జొన్నపిండి పాతబడితే ముద్ద కలవదు, తడుతుంటే అంచులు పగులుతాయి. ఫంక్షన్‌కు ఒకటి రెండు రోజుల ముందు మాత్రమే పట్టించమనండి, మీ అమ్మగారి బస్తాలోంచే ఇస్తే ఇంకా మంచిది. నీళ్లు సలసల కాగాలి, చల్లారితే రొట్టె విరుగుతుంది. ఒక్క మనిషి తడితే రెండు వందల యాభై మందికి చాలదు. కనీసం ముగ్గురు తట్టేవాళ్లు, కాల్చడానికి ఇద్దరు ఉండాలని క్యాటరర్‌తో ముందే ఖాయం చేసుకోండి, ఏసీ హాల్లోకి పొయ్యి రానిస్తారో లేదో హాలువాళ్లను అడగండి. పక్కన పచ్చి ఉల్లిపాయ, ఎర్రకారం, ఒక పప్పుకూర, ఒక మాంసం కూర ఉంటే చాలు. అత్తగారు చివరి నిమిషంలో వద్దంటే వాదించకండి, అడ్వాన్సు పోతే పోయింది. రొట్టెలు తట్టే ఆ ఆడవాళ్ల నంబరు మాత్రం తీసుకోండి, ఏదో ఒక శనివారం మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి పిలిపించుకోవచ్చు.